తూము దగ్గర కాపలా
(చెరువులు, చేపలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: అమ్మా, మాది అత్తిలి దగ్గర చిన్న ఊరు. మా మంచినీళ్ల చెరువు నిండా గుర్రపు డెక్క. మూడేళ్లుగా వేసవిలో పంచాయతీ తరఫున పొక్లెయిన్ పెట్టి తీయిస్తున్నాం. దసరా వచ్చేసరికి మళ్లీ నీళ్లు కనపడవు. ఈసారి మందు కొట్టిద్దామని కొందరు పట్టుబడుతున్నారు. ఊరంతా తాగేది ఆ నీళ్లే. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక వార్డు సభ్యుడు

జవాబు: మందు కొట్టించొద్దు బాబూ. ముందు ఆ మాట మీ ఊళ్లో గట్టిగా చెప్పండి. కలుపు మందుకి ఆకు చస్తుంది. చచ్చిన మొక్క అక్కడే మునిగి కుళ్లుతుంది. ఆ కుళ్లు నీళ్లలో ఉన్న ఆక్సిజన్‌ని లాగేస్తుంది, చేపలు చచ్చి తేలతాయి. మిగిలిన మందూ, ఆ కుళ్లూ కలిసి మీ ఫిల్టర్ బెడ్ల మీదకే వస్తాయి. వేసవిలో కాలువలు కట్టేశాక మీకు వేరే నీళ్లు ఎక్కడున్నాయి? మళ్లీ కాలువకి నీళ్లు వదిలేదాకా ఊరికి ఆ చెరువే దిక్కు.

మూడేళ్లు డబ్బు పోసినా పని ఎందుకు తెమల్లేదో చెప్తాను. గుర్రపు డెక్క మన ఎండలో, మురుగు కలిసిన నీళ్లలో పది పన్నెండు రోజులకి రెట్టింపు అవుతుంది. పన్నెండు రోజులనే లెక్క వేసుకోండి. జూన్‌లో మీ చెరువులో ఒక్క మొక్క మిగిలినా అక్టోబరుకి వెయ్యి అవుతాయి. పొక్లెయిన్ బకెట్‌కి అందని మూలల్లో, రేవు మెట్ల సందుల్లో ఒక్కటే మిగిలిందంటారా? పైగా పూసిన ప్రతి మొక్కా విత్తనం రాలుస్తుంది. ఆ విత్తనం అడుగు బురదలో 20 ఏళ్లు బతికి ఉండగలదు. వేసవిలో నీరు తగ్గి అంచున బురద తేలినప్పుడు మొలుస్తుంది.

ఇంకో మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. తీసిన మొక్కని ఎక్కడ పోశారు? నేను చూసిన ఊళ్లలో సగం చోట్ల చెరువు గట్టు మీదే పోస్తారు. నాలుగు వానలు పడితే పచ్చిగా ఉన్న మొక్కలు జారి మళ్లీ నీళ్లలోకే వస్తాయి. గట్టు దాటించి, దూరంగా మెరక మీద పోసి ఎండనివ్వాలి. ఎండాక పేడతో కలిపి కంపోస్టు చేసుకోవచ్చు. పచ్చిగా ఉన్నప్పుడు అందులో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే, అందుకే ట్రాక్టర్ బాడుగ అంత అవుతుంది. అదను చూసుకుని పూత రాకముందే తీయిస్తే విత్తనం బాధ ఉండదు.

ఇదంతా చెరువు లోపలి సంగతి. అసలు సంగతి తూము దగ్గరుంది. మీ చెరువుకి కాలువ నీళ్లు పెట్టేటప్పుడు తూముకి ఏం అడ్డం కడుతున్నారు? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. కాబట్టి ఏమీ కట్టడం లేదనే అనుకుంటున్నాను.

మత్స్యశాఖలో 34 ఏళ్లు చేశాను. చాలా ఏళ్ల క్రితం ఆకివీడు వైపు పనిచేసేటప్పుడు ఒక ఊరి చెరువు చూసి ఆగిపోయాను. దానికి ఎగువ ఊరి చెరువూ, దిగువ ఊరి చెరువూ డెక్కతో కప్పేసి ఉన్నాయి. ఇది మాత్రం అద్దంలా ఉంది. మూడింటికీ ఒకే కాలువ నీళ్లు. తూము దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు. కాలువలో తూముకి ఎదురుగా రెండు వెదురు బొంగులు ఏటవాలుగా కట్టారు, తేలుతూ వచ్చే మొక్క వాటిని తగిలి పక్కకి పోతుంది. తూము నోటికి కోళ్ల గూడుకి వాడే ఇనుప వల బిగించారు. దాన్ని కూడా దాటి వచ్చినదాన్ని పంగలకర్రతో లాగి గట్టున పడేస్తున్నారు. పక్కన సత్తు క్యారేజీ. ఎన్ని రోజులు కూర్చుంటారని అడిగాను. "నీళ్లు ఎక్కే పన్నెండు రోజులూ ఇక్కడే అన్నమండీ. మళ్లీ ఏడాది దాకా ఈ గట్టు మొహం చూడక్కర్లేదండి" అన్నారు. పంచాయతీ ఆయనకి ఆ పన్నెండు రోజులకీ కూలి ఇచ్చేది. పక్క ఊళ్లవాళ్లు తీయించడానికి పెట్టిన ఖర్చులో అది ఏ మూలకి?

ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా ముందు తూము చూడటం అలవాటైంది.

మీరు కూడా ఈ వేసవికి అంత పనీ చేయండి. పొక్లెయిన్ వెళ్లిపోయాక ఒక దోనెలో ఇద్దర్ని ఎక్కించి, మిగిలిన ప్రతి మొక్కా చేత్తో తీయించండి. మే నెలలో అంచు బురదలో మొలిచిన పిల్ల మొక్కల్ని పీకించండి. మొదటి రెండేళ్లు ప్రతి ఆదివారం ఎవరో ఒకరు చెరువు చుట్టూ తిరగాలి. ఊరి మురుగు చెరువులో కలుస్తుంటే ఆపండి, గేదెల్ని అందులో కడగనివ్వకండి. డెక్కకి బలం ఆ మురుగే.

ఆ మొక్క మన దేశానిది కాదు. దక్షిణ అమెరికాలో అమెజాన్ నదీ ప్రాంతానిది. ఊదారంగు పువ్వు బాగుందని మనుషులే అక్కడా ఇక్కడా పెంచారు. 1890ల నాటికి బెంగాల్ చేరింది. అక్కడ వరి చేలనీ, పడవ దారుల్నీ ముంచేస్తే 1936లో దానికోసమే ఒక చట్టం చేయాల్సి వచ్చింది. మా అమ్మమ్మ పెరట్లో కూడా సిమెంటు తొట్టిలో ఆ మొక్క ఉండేది. కార్తీక మాసంలో ఆ పువ్వు కోసి దేవుడి దగ్గర పెట్టేది. తొట్టి నిండిపోయినప్పుడల్లా పిల్లలం మేమే గంపకెత్తి ఇంటి వెనక బోదెలో పారబోసేవాళ్లం. బోదె చానల్లో కలిసేది, చానల్ కోడులో కలిసేది, కోడు కొల్లేట్లో కలిసేది. ఇప్పటికీ ఉప్పుటేరు వంతెన మీద నిలబడి డెక్క పేరుకుపోయి నీళ్లు కదలని చోటు చూస్తే ఆ గంప గుర్తొస్తుంది. కొల్లేటి నీళ్లు సముద్రంలోకి పోవడానికి ఉన్న దారి ఆ ఉప్పుటేరు. దానికి అడ్డుపడితే వానాకాలంలో లంక గ్రామాల ఇళ్లలోకి నీళ్లు వస్తాయి.

ప్రశ్న: గడ్డి చేపలు వదిలితే గుర్రపు డెక్క తింటాయంటున్నారు. నిజమేనా? డెక్కని తినే పురుగులు కూడా ఉన్నాయట?
– ఒక రైతు, గణపవరం

జవాబు: గడ్డి చేప నీటి అడుగున పెరిగే మెత్తని నాచు బాగా తింటుంది. డెక్క జోలికి పెద్దగా పోదు. దానికోసం కొనకండి.

పురుగుల మాట నిజమే. డెక్క పుట్టిన చోటే దాన్ని తిని బతికే ముక్కుపురుగులు ఉన్నాయి. పరీక్షలన్నీ చేశాక 1980ల మొదట్లో బెంగళూరు శాస్త్రవేత్తలు మన దేశానికి తెప్పించారు. పెద్ద పురుగు రాత్రిపూట ఆకు గీకుతుంది, దాని పిల్ల కాడలోకి తొలుచుకుపోతుంది. కదలని పెద్ద చెరువుల్లో రెండు మూడేళ్లు ఓపిక పడితే ఫలితం ఉంటుంది. మన కాలువల్లో మాత్రం మొక్క కొట్టుకుపోతే పురుగూ పోతుంది, యంత్రంతో తీసేస్తే మొక్కతో పాటు పురుగూ గట్టు ఎక్కుతుంది. ఆ చిక్కు ఉంది.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. అక్కడ చెరువులో పడవ దించబోతే ఆపి, అడుగు నుంచి పైదాకా పరీక్ష చేశారట. ఇవతలి చెరువు నీళ్ల చుక్క కూడా అవతలి చెరువులో పడకూడదన్నారట. అంత పట్టింపు ఎందుకు? మన దగ్గర అలాంటిది కుదురుతుందా?
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, భీమవరం

జవాబు: నమస్కారం మాస్టారూ. మీ ప్రశ్న చదివి చాలా సంతోషించాను. అంత పట్టింపు ఎందుకంటే, వాళ్లు ఒకసారి బాగా దెబ్బతిన్నారు. 1988లో అక్కడి సెయింట్ క్లెయిర్ సరస్సులో వేలి గోరంత చారల ఆల్చిప్ప బయటపడింది. అది నల్ల సముద్రం, కాస్పియన్ ప్రాంతాలది. ఓడలు బరువు కోసం అడుగున నింపుకునే నీళ్లలో కూర్చుని వచ్చింది. ఒక్క ఆడది ఏడాదికి లక్షల గుడ్లు పెడుతుంది. పిల్లలు కంటికి కనపడవు. కొన్నేళ్లలోనే గ్రేట్ లేక్స్ అనే అక్కడి పెద్ద సరస్సులన్నిటికీ పాకి, మంచినీళ్ల పైపుల్లో, కరెంటు కేంద్రాల గొట్టాల్లో గుట్టలుగా పేరుకుపోయింది. ఇప్పటికీ దాన్ని పూర్తిగా వదిలించుకోలేకపోయారు.

అందుకని ఇంకా అది చేరని చెరువుల్ని కాపాడుకుంటున్నారు. తాహో సరస్సులో 2008 నుంచి, న్యూయార్క్ రాష్ట్రంలోని జార్జ్ సరస్సులో 2014 నుంచి, ఇంజను పడవలకు పరీక్ష తప్పనిసరి. ముక్క నాచు వేలాడుతున్నా, లోపల నీళ్లు నిలిచి ఉన్నా సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వేడి నీళ్లతో కడిగిస్తారు. శుభ్రం చెయ్యి, నీళ్లు ఒంపు, ఎండబెట్టు: ఈ మూడు మాటలే రేవు దగ్గర బోర్డు మీద ఉంటాయి. ఒక చెరువువాళ్లు ఒక్కరే చేస్తే లాభం లేదు కనక, పక్కపక్క రాష్ట్రాలు, ఊళ్లు, చెరువు సంఘాలు కలిసి చేసుకుంటాయి.

మీకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఇంకోటి. మనం సిల్వర్ కార్పు అని పెంచుకునే చేప అక్కడ పెద్ద శత్రువు. 1970ల్లో చేపల చెరువుల కోసం తెచ్చుకున్నారు. చెరువుల్లోంచి తప్పించుకుని మిసిసిపీ నదిలో పడింది. అది పెద్ద సరస్సుల్లోకి ఎక్కకుండా షికాగో దగ్గర కాలువలో నీళ్లకే కరెంటు పెట్టారు, 2002 నుంచి ఆ అడ్డు నడుస్తోంది. మన దేశానికి ఆ చేప 1959లోనే వచ్చింది. హిమాచల్‌ప్రదేశ్‌లో గోవింద్‌సాగర్ జలాశయంలోకి పొరపాటున చేరి, అక్కడి బొచ్చె చేపని వెనక్కి నెట్టేసింది.

మన డెల్టాలో పడవలు కావు మాస్టారూ, మోసుకెళ్లేవి వేరే. చేపల పట్టుబడికి ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి తిరిగే లాగుడు వలలు. చేప పిల్లలు తెచ్చే వ్యాన్ల తొట్లు. పొక్లెయిన్ బకెట్లు. వీటిని ఎండలో ఆరబెట్టే తీరిక పట్టుబడి రోజుల్లో ఎవరికీ ఉండదు, తెల్లారితే ఇంకో చెరువుకి బేరం కుదిరి ఉంటుంది. అయినా కుదురుతుందనే నా నమ్మకం. రొయ్యల రైతులు వైరస్ దెబ్బ తిన్నాక చెరువు చుట్టూ పీతలకి కంచె, పైన పక్షులకి తాళ్లు, గేటు దగ్గర కాళ్లు కడిగే తొట్టి పెట్టుకోలేదా? ఆ శ్రద్ధే చేపల చెరువుకీ కావాలి. వలవాళ్లతో బేరం కుదుర్చుకునేటప్పుడే 'వల ఆరినాకే చెరువులో దించాలి' అన్న మాట కలుపుకోండి. రెండో వల జత ఉన్న ముఠాకి అది కష్టం కాదు.

కాలువల విషయంలో మాత్రం ఊరు ఊరుగా చేస్తే పని జరగదు. కాలువలు కట్టేసిన ఆ కొద్ది వారాల్లో లాకు నుంచి చివరి బోదె దాకా అన్ని ఊళ్లూ ఒకే వారం డెక్క తీయాలి. ఎగువ ఊరు ఆగితే దిగువ ఊరి పనంతా మొదటి నీళ్లకే కొట్టుకుపోతుంది. కాలువ నీళ్లు చూసే లస్కర్లకి ఈ సంగతి ఎవరికన్నా బాగా తెలుసు, వాళ్లని పిలిచి అడగండి.

ప్రశ్న: మా అబ్బాయి అక్వేరియంలో అద్దం నాకే నల్ల చేప ఒకటి ఉంది. కొన్నప్పుడు వేలంత. ఇప్పుడు జానెడు దాటింది, మిగతా చేపల్ని బతకనివ్వడం లేదు. చంపబుద్ధి కాక కాలువలో వదిలేద్దామనుకుంటున్నాం. వదలొచ్చా?
– ఒక గృహిణి, పాలకొల్లు

జవాబు: వద్దమ్మా. దయచేసి వద్దు. మీ జాలి నాకు అర్థమైంది, కానీ ఆ చేప సంగతి వినండి.

దాన్నే మన రైతులు దెయ్యం చేప అంటున్నారు. అదీ దక్షిణ అమెరికాదే, అక్వేరియం వ్యాపారంలో వచ్చింది. ఒళ్లంతా గట్టి పెంకు, ముళ్ల రెక్కలు. కొంగ మింగలేదు, గూడబాతు మింగలేదు. నీళ్లలో గాలి తక్కువైతే పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది. గట్టున పడేసినా గంటల తరబడి చావదు. గట్టులో మూరెడు, ఒక్కోచోట బారెడు బొరియ తవ్వి గుడ్లు పెడుతుంది, మగ చేప కాపలా కాస్తుంది.

మా తమ్ముడికి కలిదిండి వైపు నాలుగెకరాల చెరువుంది. రెండేళ్ల క్రితం పట్టుబడి రోజున వల లాగితే శీలావతి, బొచ్చెల మధ్య ఈ నల్ల చేపలు గంపల కొద్దీ వచ్చాయి. వల చిరిగింది, వలవాళ్ల చేతులు కోసుకుపోయాయి. వేసిన మేత చాలా మటుకు ఇవే తినేశాయి. ఆ చేపని కొనేవాడు లేడు. అవి ఏ పిల్లల తొట్టితో వచ్చాయో, ఏ కాలువ నీళ్లతో వచ్చాయో ఇప్పటికీ తేలలేదు. చెరువు పూర్తిగా ఎండగట్టాం. గుంటల్లో నీళ్లు మిగిలిన చోట చేపల్ని చంపే ఇప్పపిండి వేశాం (ఎకరానికి మీటరు లోతు నీళ్లుంటే సుమారు 1,000 కిలోలు పడుతుంది, తర్వాత రెండు మూడు వారాలు ఆగి చేప పిల్లని వదలాలి). బొరియల్లోకి ఆ మందు సరిగా చేరదు. గట్టు చుట్టూ ఒక్కో బొరియా గునపంతో తవ్వించి మళ్లీ మట్టి కూరాల్సి వచ్చింది. మా మరదలు ఆ నెలంతా సరిగా నిద్రపోలేదు.

చెరువుని ఎండగట్టగలిగాం కాబట్టి సరిపోయింది. మీ పాలకొల్లు కాలువని, కొల్లేటిని ఎవరు ఎండగడతారమ్మా?

కొన్న దుకాణంలో తిరిగి తీసుకుంటారేమో అడగండి. లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్లకి ఇవ్వండి. ఎవరూ దొరక్కపోతే మీరే ఒక సిమెంటు తొట్టి కట్టించి పెంచుకోండి. తొట్టి నీళ్లు మార్చినప్పుడు పాత నీళ్లు, అందులోని నాచు కాలువలో పోయకుండా మొక్కల పాదుల్లో పోయండి. మీ అబ్బాయికి కూడా ఇదంతా చెప్పండి, పిల్లలకి ఇలాంటివి బాగా గుర్తుంటాయి.

ఈ చేప మీలో ఎవరికైనా కాలువలోనో చెరువులోనో గాలానికి పడితే మళ్లీ నీళ్లలోకి విసరొద్దు. ఫోటో తీసి, ఎక్కడ పడిందో రాసుకుని, దగ్గర్లోని మత్స్యశాఖ ఆఫీసులో చెప్పండి. ఆ కబురు ఈ పత్రికకి రాసినా చాలు, నేను వెళ్లి చూస్తాను.