వైన్‌లో ఊరి రుచి మామూలు నాలుకకి తెలుస్తుందా?

ఒక్కో ప్రాంతం వైన్‌కి ఒక్కో రుచి ఉంటుందంటారు కదా, అది నిజమా లేక అమ్మేవాళ్ల మాటా, నిజమైతే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నిజమేనండీ. నేను తొమ్మిదేళ్లుగా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నాను. వచ్చిన కొత్తలో ఎరుపు, తెలుపు అన్న తేడా తప్ప నాకేమీ తెలియదు. జర్మనీలోని మోసెల్ నది ఒడ్డున ఒక మధ్యాహ్నం రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టుకుని తాగాక అంతా మారిపోయింది.

ఆ లోయలో నది మెలికలు తిరుగుతూ పోతుంది. రెండు పక్కలా నిలువు కొండలు, వాటి మీద ద్రాక్ష తోటలు. కొన్నిచోట్ల వాలు ఎంత ఎక్కువంటే యంత్రాలు ఎక్కవు, మనుషులే ఎక్కి కోయాలి. అక్కడ ప్రధానంగా పండేది రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష. నేలంతా పలక రాయి. చిన్నప్పుడు బలపంతో అఆలు దిద్దిన పలక ఉంది చూడండి, ఆ జాతి రాయే, ముక్కలు ముక్కలుగా. పగలు ఎండకి వేడెక్కి రాత్రి ఆ వేడిని మెల్లగా వదులుతుంది. అంత చలి ప్రాంతంలో ద్రాక్ష పండటానికి అదో ఆసరా.

వేలెన్ అనే ఊరి ఎదుటి కొండ మీద రాయి నీలం కలిసిన బూడిద రంగులో ఉంటుంది. ఆ తోటలో 1842లో కట్టిన పెద్ద నీడ గడియారం ఉంది, తోట పేరు కూడా అదే, జోనెన్‌ఊర్. అక్కడికి పది కిలోమీటర్లు కూడా లేని ఉర్జిగ్‌లో రాయి ఎర్రగా ఉంటుంది. ఆ తోట పేరు వుర్జ్‌గార్టెన్, అంటే మసాలా దినుసుల తోట. మేం వెళ్లిన ఇంట్లో పెద్దావిడ ఈ రెండు తోటల వైన్లూ పోసింది. ఒకే రైతు, ఒకే ద్రాక్ష, ఒకే ఏడాది. మొదటిది సన్నగా, నిమ్మతొక్క గిల్లినట్టు, పచ్చి ఆపిల్ కొరికినట్టు ఉంది. రెండోది కాస్త ఒళ్లు చేసినట్టు, వెనక ఎక్కడో అల్లం ఘాటు. విడివిడిగా ఇస్తే నేను రెంటినీ తియ్యటి తెల్ల వైన్ అనేసేవాణ్ణి. పక్కపక్కన ఉన్నాయి కాబట్టే దొరికింది.

అలాగని రాయి కరిగి గ్లాసులోకి వస్తుందనుకోకండి. నేల ఎంత నీరు పట్టి ఉంచుతుంది, వాలు ఎటు తిరిగి ఉంది, ఎండ ఎన్ని గంటలు పడుతుంది, రైతు ఎప్పుడు కోస్తాడు, ఇవన్నీ కలిసి వచ్చే రుచి అది.

తర్వాత ఆవిడ లోపల్నుంచి పదిహేనేళ్ల నాటి రీస్లింగ్ సీసా తెచ్చింది. ముక్కు దగ్గర పెట్టగానే నాకు మా నాయనమ్మ లాంతరు గుర్తొచ్చింది. కిరసనాయిలు! చెడిపోయిందేమో అనుకున్నాను. కాదట, పాతబడ్డ రీస్లింగ్‌కి అది సహజమైన వాసన. టీడీఎన్ అనే పదార్థం సీసాలో ఏళ్ల తరబడి మెల్లగా తయారవుతుంది. కిరసనాయిలు కింద తేనె, ఎండు నేరేడు. ఆ వాసన నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

మీకు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే: రుచికి మీ మాటలు మీరే వెతుక్కోండి. వైన్ పుస్తకాల్లో గూస్‌బెర్రీ, సెడార్ చెక్క అని రాస్తారు. మనం ఎన్నడూ తినని పండు, పీల్చని చెక్క. నాకు టానిన్ అన్న మాట చాలాకాలం పట్టుబడలేదు. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్ తాగుతూ నాలుక పీక్కుపోతోందని మా ఆవిడతో అంటే, "వగరు అను, సరిపోతుంది" అంది. నిజంగానే అంతే! వక్క నమిలితే, పచ్చి అరటికాయ కొరికితే, నేరేడు తింటే వచ్చే వగరే అది. ఉమ్మిలోని ప్రోటీన్లకి టానిన్ అతుక్కోవడం వల్ల నోరు ఎండినట్టవుతుంది. ఆ ఒక్క మాట దొరికాక బోర్డోలోనే తేడాలు కనిపించాయి. నది ఎడమ ఒడ్డున గులకరాళ్ల నేలలో కాబెర్నే సోవిన్యోఁ అనే ఎర్ర ద్రాక్ష ఎక్కువ, దాని వైన్ కొత్తలో బాగా వగరు. కుడి ఒడ్డున బంకమట్టి, మెర్లో అనే ద్రాక్ష ఎక్కువ, వగరు మెత్తగా ఉంటుంది. మొదటిదాన్ని మాంసంతో తాగి చూడండి, వగరు ఎలా సర్దుకుంటుందో తెలుస్తుంది.

ఫ్రాన్స్‌లోనే మరో వైన్ ప్రాంతం బర్గండీ వెళ్లినప్పుడు ఇంకో ఆశ్చర్యం. ఎరుపంటే అక్కడ దాదాపు ఒక్కటే ద్రాక్ష, పీనో న్వార్. రంగు పల్చన, వగరు తక్కువ, వాసనే ప్రాణం. క్లో ద వూజో అని సన్యాసులు రాతిగోడ కట్టిన తోట ఉంది, సుమారు 50 హెక్టార్లు. దాన్ని ఇప్పుడు దాదాపు 80 మంది పంచుకున్నారు. మన పల్లెల్లో అన్నదమ్ములు పంచుకున్న చేనులా, ఒక్కొక్కరిదీ కొన్ని సాళ్లు! గోడ ఒకటే అయినా గట్టు మీది వైన్ వేరు, రోడ్డు పక్కది వేరు. అక్కడ సీసా కొనేముందు తోట పేరుతో పాటు రైతు పేరు కూడా చూడాలి.

ఖరీదు చూసి మాత్రం భయపడకండి. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వైన్ వ్యాపారి ఒక పరీక్ష పెట్టాడు. ఫ్రెంచి న్యాయనిర్ణేతలు పేర్లు తెలియకుండా రుచి చూస్తే ఎరుపులోనూ తెలుపులోనూ కాలిఫోర్నియా వైన్లే మొదట నిలిచాయి. మేమూ ఇంట్లో సీసాలకి కాగితం చుట్టేసి తాగుతాం. లేబుల్ కనబడకపోతే నాలుక బాగా పనిచేస్తుంది.

ఒకసారి ఒక రెస్టారెంట్‌లో ఖరీదైన సీసా తడిసిన అట్టపెట్టె వాసన కొట్టింది. అడిగితే పాత వైన్ అలాగే ఉంటుందన్నారు, నమ్మి తాగాను. అది బిరడా పాడైతే వచ్చే కంపు అని తర్వాత తెలిసింది. మీకు ఎదురైతే మార్చమని గట్టిగా అడగండి.

ఇంకో సంగతి, మన భోజనం. కారం, ఎక్కువ ఆల్కహాల్ కలిస్తే మంట పెరుగుతుంది. కోడివేపుడుతో 14 శాతం ఎరుపు తాగితే రెండూ పాడవుతాయి. మోసెల్ రీస్లింగ్‌లో కాబినెట్ అనే తేలిక రకంలో ఆల్కహాల్ 8, 9 శాతమే ఉంటుంది, కొంచెం తీపి, బాగా పులుపు. గోంగూర మాంసంతో నాకు ఇంతకంటే నప్పింది మరొకటి లేదు.

మీరు హైదరాబాద్‌లో ఉంటే నాశిక్ వైన్లతో మొదలుపెట్టొచ్చు. అక్కడ కోత జనవరి నుంచి మార్చి దాకా, ఐరోపాలో తీగలు నిద్రపోయే కాలం. నాశిక్ తెల్ల వైన్లు షెనిన్ బ్లాంక్, సోవిన్యోఁ బ్లాంక్ ఒక్కో సీసా తెచ్చి, కింద వెడల్పుగా పైన ముడుచుకున్న గాజు గ్లాసుల్లో మూడో వంతు పోసుకోండి. ముందు వాసన, తర్వాత చిన్న గుటక నోరంతా తిప్పడం. ఎక్కువ రకాలుంటే ఉమ్మేయండి, రుచి చూడటం వృత్తిగా ఉన్నవాళ్లంతా అదే చేస్తారు. ఎర్ర వైన్‌ని మామూలు గది వేడిలో తాగమంటారు కదా, అది చలిదేశపు గది. మన ఎండాకాలంలో అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. నలుగురు స్నేహితులు కలిసి కొంటే ఖర్చూ తగ్గుతుంది, మిగిలింది మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు నిలుస్తుంది. మర్నాడు మళ్లీ రుచి చూడండి, రాత్రి దొరకని వాసన ఒకటి అప్పుడు దొరకొచ్చు.