అలారం మోగితే ముందు అంకె చూడు

చి. అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. శ్రీసిటీలో ఉద్యోగం వచ్చిందనీ, పిక్ అండ్ ప్లేస్ మెషిన్ మీద, అదే, ఎలక్ట్రానిక్ బోర్డు మీద చిన్న చిన్న భాగాలను ఎత్తి పెట్టే మెషిన్ మీద, వేశారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇరవై రెండేళ్లు ఆ మెషిన్ల మధ్య తిరిగినవాణ్ణి కదా, ఊరుకోలేక రాస్తున్నాను. ప్రోగ్రాములు రాయడం నీకు అక్కడివాళ్లే నేర్పుతారు. నేను రాసేది నాజిల్ (కాంపోనెంటును వాక్యూమ్‌తో పట్టి ఎత్తే సన్నని గొట్టం) మొనకూ, అది ఎత్తే కాంపోనెంటుకూ మధ్య జరిగే వ్యవహారం ఒక్కటే.

చిన్నప్పుడు స్టీలు గ్లాసు మూతికి పెట్టుకుని, గాలి పీల్చేసి, చేతులు వదిలేసి మమ్మల్ని నవ్వించేదానివి, గుర్తుందా? గడ్డం చుట్టూ ఎర్రటి వలయం పడి మీ అమ్మ చేత తిట్లు తినేదానివి. ఆ గ్లాసును నిలబెట్టింది నీ పీల్పు కాదు. లోపల గాలి తగ్గేసరికి బయటి గాలి దాన్ని నీ ముఖానికి నొక్కిపెట్టింది. నాజిల్ పని కూడా అంతే. వాక్యూమ్ దేన్నీ లాగదు, బయటి గాలి కింది నుంచి నెడుతుంది.

ఇది మామయ్య చాదస్తం అనుకోకు. నెట్టేది బయటి గాలి అయినప్పుడు, ఉన్న గాలిని మించిన బలం ఎక్కడి నుంచీ రాదు. సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం 101 కిలోపాస్కళ్లు. హైదరాబాదులో సుమారు 95, బెంగళూరులో 91. నేను బెంగళూరులో ఉన్నప్పుడు, సముద్రపు ఒడ్డున ఉన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఒక సూపర్‌వైజరు వాక్యూమ్ మీటరు (బయటి గాలి కంటే లోపల పీడనం ఎంత తగ్గిందో చూపేది) 90 చూపడం లేదని పంపును రెండుసార్లు విప్పించాడు. ఉన్న గాలే 91 అయిన ఊళ్లో 90 ఎలా వస్తుంది? పంపు నిక్షేపంలా ఉంది.

ఇక బలం లెక్క. నాజిల్ రంధ్రం 0.4 మిల్లీమీటర్లు, వాక్యూమ్ 60 కిలోపాస్కళ్లు అనుకో. ముప్పావు గ్రాము బరువును మోయగల బలం వస్తుంది. ఒక మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు ఉన్న కెపాసిటర్ బరువు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించదు. అంటే అవసరానికి వందల రెట్ల బలం. మరి ఎందుకు పడిపోతాయి? బరువుకు పడవు. మొన సరిగా మూసుకోక గాలి దూరితే పడతాయి, లేదా నాజిల్‌ను మోసే హెడ్ విసురుగా మలుపు తిరిగినప్పుడు పక్కకు జారతాయి. పక్కకు జారకుండా ఆపేది నాజిల్ అంచు దగ్గరి రాపిడి ఒక్కటే.

ఒక రాత్రి షిఫ్టులో నేను చేసిన తప్పు చెబుతాను. పికప్ ఎర్రర్ పదే పదే వస్తోంది. దాని దెబ్బ టార్గెట్ మీద పడుతోంది, లైన్ ఆగిందంటే ఫోన్లు మొదలవుతాయి. వాక్యూమ్ కనీస హద్దును కాస్త కిందికి దించాను. అలారం నోరు మూసుకుంది. తెల్లారి చూస్తే ఒకే వరుస కెపాసిటర్లు బోర్డు మీద వంకరగా కూర్చున్నాయి. నాజిల్ పట్టుకున్న కాంపోనెంటును పరీక్షించే కెమెరా ముందు తిన్నగానే కనిపించాయి, అక్కడి నుంచి బోర్డుకు వెళ్లేలోపు మొన మీద తిరిగిపోయాయి. భూతద్దం పెట్టి చూస్తే నాజిల్ అంచున సన్నని పెచ్చు లేచింది. మార్చడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బోర్డులు సరిచేయడానికి మాత్రం ఇద్దరికి మధ్యాహ్నం దాకా పట్టింది.

అందుకే అలారం మోగితే సెట్టింగు జోలికి వెళ్లకు, ముందు వాక్యూమ్ అంకె చూడు. రెండుసార్లు చూడు: నాజిల్ ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, మొనను మూసి ఒకసారి. మూసినా అంకె పెరగకపోతే ఎక్కడో గాలి దూరుతోంది. ఖాళీగా ఉండగానే ఎక్కువ చూపిస్తే రంధ్రం పూడింది. ఈ రెండోది మోసకారి. పూడిన నాజిల్ దేన్నీ ఎత్తదు, కానీ కాంపోనెంట్ పట్టుకున్నానని సెన్సారుకు అబద్ధం చెబుతుంది. మరీ సన్నని నాజిళ్లలో రంధ్రమే చిన్నది కాబట్టి ఖాళీకీ నిండుకూ తేడా పెద్దగా ఉండదు. అక్కడ వాక్యూమ్ మాట నమ్మకు, కెమెరానే నమ్ము.

పూడిక చాలావరకు సోల్డర్ పేస్టే, అంటే కాంపోనెంట్లను బోర్డుకు అతికించడానికి పూసే లోహపు ముద్దే. గుండుసూదితో పొడవకు, అంచు పాడవుతుంది. అల్ట్రాసోనిక్ తొట్టిలో కడిగి, గాలి కొట్టి, వెలుతురుకు ఎత్తి చూడు. నాజిల్ వెనక ఫిల్టర్ కూడా తెల్లగా ఉందో నల్లబడిందో చూస్తూ ఉండు. మీ మెషిన్‌లో పంపు ఉందా, ఎజెక్టర్ ఉందా అని మొదటి రోజే అడుగు. ఎజెక్టర్ అయితే కంప్రెసర్ గాలిని సన్నని దారిలో విసురుగా పంపి, ఆ విసురుతో వాక్యూమ్ పుట్టిస్తుంది. ఆ గాలిలో నీళ్లో నూనో ఉంటే ముందు దెబ్బతినేది అదే. మీ వైపు ఈశాన్య రుతుపవనాల రోజుల్లో కంప్రెసర్ ట్యాంకు నీళ్లు వదిలారో లేదో అడగడానికి మొహమాటపడకు.

వదలడం కూడా ఒక పనే. వాల్వు మూసినంత మాత్రాన గొట్టంలోని వాక్యూమ్ వెంటనే పోదు, అందుకే చిన్న ఊపిరిలాంటి గాలి ఊదుతుంది. అది చాలకపోతే కాంపోనెంట్ నాజిల్‌తోపాటే లేచి వస్తుంది, ఎక్కువైతే పక్కవి కదులుతాయి. పేస్టు ఎండిపోయినా ఇలాగే లేచి వస్తుంది, నేరం మాత్రం వాక్యూమ్ మీద వేస్తారు.

కాంపోనెంట్లను నాజిల్‌కు ఒక్కొక్కటిగా అందించే ఫీడర్ సంగతి ఎదురుగా ఉంటే గానీ చెప్పలేను, దసరాకు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. పార్సిల్‌లో పది రెట్ల భూతద్దం పంపుతున్నాను. పైన చెప్పిన పెచ్చు కనిపించింది దీనిలోంచే. పిడి వదులైంది, దారం చుట్టాను. అద్దం మాత్రం శుభ్రంగా ఉంది.

మీ మామయ్య