ట్రైపాడ్ లేకుండా హెచ్‌డీఆర్: స్తంభం అంచు రెండుగా ఎందుకు పడుతోంది?

హెచ్‌డీఆర్ అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగుల్లో తీసి ఒక్క ఫోటోగా కలపడం. మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: కెనాన్ 1500డీ, 18-55 కిట్ లెన్సు ఉన్నాయి, ట్రైపాడ్ లేదు. భైరవకోనలో గుహ మండపంలో నిలబడి స్తంభాల మధ్య నుంచి బయటి కొండను మూడు ఎక్స్‌పోజర్లలో తీసి కలిపితే స్తంభం అంచు రెండుగా పడుతోంది. మైపాడు సముద్రతీరం దగ్గర అదే పద్ధతిలో తీస్తే పడవల చుట్టూ దెయ్యాల్లాంటి నీడలు. రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ ఒకే జబ్బు కాదు. మందు కూడా ఒకటి కాదు.

ముందు కలిపిన ఫోటోను పక్కన పెట్టి, మూడింటిలో బాగా తెల్లగా వచ్చిన ఫ్రేమును 100 శాతానికి పెంచి చూడండి. అదొక్కటే మసకగా ఉంటే షట్టర్ వేగం చాలలేదని అర్థం. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని బాగుచేయదు. మూడు ఫ్రేములూ విడివిడిగా పదునుగా ఉండి, కలిపాక కొండ బాగానే ఉండి దగ్గరి స్తంభం మాత్రమే రెండుగా పడితే, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య మీ తల, భుజాలు పక్కకి జరిగాయి. కొమ్మలూ పడవలూ మాత్రమే చెడితే, అది గాలీ అలలూ చేసిన పని. మొత్తం ఫోటో అంతా రెండుగా ఉంటే సాఫ్ట్‌వేరులో అలైన్‌మెంట్ (ఫ్రేముల్ని ఒకదానిపై ఒకటి సర్దడం) టిక్కు పెట్టడం మరిచిపోయి ఉంటారు.

చేతిలో పట్టుకుని తీసే హెచ్‌డీఆర్‌లో లెక్క నెమ్మది ఫ్రేము దగ్గర మొదలుపెట్టాలి. చాలామంది మధ్య ఫ్రేము చూసి '1/60 సెకను ఉంది కదా, చాలు' అనుకుంటారు. ప్లస్ 2 ఫ్రేము, అంటే రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) ఎక్కువ పెట్టినది, దానికి నాలుగింతల సేపు తెరుచుకుంటుంది, అంటే 1/15. చెయ్యి ఊగేది అక్కడే. మీ లెన్సు 18 దగ్గర, చిన్న సెన్సర్ వల్ల వచ్చే 1.6 క్రాప్‌తో గుణిస్తే 29 అవుతుంది కాబట్టి, షట్టర్ ఒకటి కింద ఆ అంకె ఉంటే చాలనే పాత లెక్క ప్రకారం 1/30 చాలాలి. కలపబోయే ఫోటోకి అది చాలదు, కనీసం 1/60 పెట్టుకోండి. లెన్సులో ఐఎస్ (వణుకు తగ్గించే ఏర్పాటు) ఉంటే ఇంకొంచెం కిందికి దిగవచ్చు గానీ, అది ఆపేది మీ చేతి వణుకునే, ఊగే కొమ్మని కాదు.

గుహ దగ్గర లెక్క ఎలా పడుతుందో చూడండి. 1500డీలో స్పాట్ మీటరింగ్ (చిన్న చుక్కంత చోటే వెలుగు కొలవడం) లేదు, మధ్య భాగాన్ని కొలిచే పార్షియల్ పెట్టుకోండి. ఎం (మాన్యువల్) మోడ్, ఎఫ్5.6, ఐఎస్‌ఓ 200. కెమెరాను బయట ఎండ పడుతున్న రాతి వైపు తిప్పి, మీటరు ముల్లు మధ్యకి వచ్చే షట్టర్ చూసుకోండి. నడినెత్తి ఎండలో దాదాపు 1/1600 వస్తుంది. తర్వాత లోపలి స్తంభం వైపు తిప్పండి. 1/25 వచ్చిందనుకుందాం. 1600ని 25తో భాగిస్తే 64, అంటే ఆరు స్టాపుల తేడా. మూడు ఫ్రేములు రెండేసి స్టాపుల తేడాతో తీస్తే మీ చేతికి వచ్చేది నాలుగు స్టాపులే. ఇక్కడే అందరూ ఐఎస్‌ఓ 1600కి ఎగబాకుతారు. అవసరం లేదు. గుహ లోపల బయటి ఎండంత వెలుగు ఉంటే ఎవరి కంటికీ నిజమనిపించదు, స్టూడియో లైటు పెట్టినట్టుంటుంది. లోపలిని రెండు స్టాపులు చీకటిగానే వదిలేయండి. అప్పుడు మధ్య ఫ్రేము 1/400, అటూ ఇటూ 1/1600, 1/100. ఎండ పడిన రాయికి మొదటిది సరిపోతుంది, లోపలి చీకట్లో మిగిలినదాన్ని 1/100 ఫ్రేము రా ఫైలు (కెమెరా సర్దకుండా దాచే ముడి ఫైలు)లోంచి పైకి లాగొచ్చు. 1/100 చేతిలో హాయిగా నిలుస్తుంది.

సెట్టింగులు త్వరగా చెప్పేస్తాను. మెనూలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, ఏఈబీ (వేర్వేరు వెలుగుల్లో మూడు ఫ్రేములు తనే తీసే ఏర్పాటు) కలిసి ఉండే చోట గీతల్ని రెండు స్టాపుల దాకా విడదీయండి. ఆటో ఐఎస్‌ఓ తీసేయండి, లేకపోతే కెమెరా మీ లెక్క మీద తన లెక్క వేస్తుంది. వైట్ బ్యాలెన్స్ ఎండకి కట్టేయండి. రా పెట్టండి. డ్రైవ్ కంటిన్యువస్‌లో ఉంటే బటన్ నొక్కి పట్టుకున్నప్పుడు మూడూ వరసగా పడతాయి, ఈ కెమెరా సెకనుకి మూడే తీస్తుంది కాబట్టి పనంతా ఒక సెకను. సింగిల్‌లో ఉంటే మూడుసార్లు నొక్కాలి, ప్రతి నొక్కుడుకీ కెమెరా కదులుతుంది. కెమెరా ఆఫ్ చేస్తే ఏఈబీ పోతుంది. మళ్ళీ ఆన్ చేసి మామూలు ఫ్రేములు మూడు తీసుకుని ఇంటికెళ్ళాక 'ఇదేందబ్బా, మూడూ ఒకేలా ఉన్నాయి' అనుకోవడం మామూలే. నికాన్ డీ3500 లాంటి వాటిలో ఏఈబీయే లేదు. అందులో డయల్ ఆరు క్లిక్కులు తిప్పితే రెండు స్టాపులు, కానీ తిప్పేటప్పుడు చెయ్యి జరుగుతుంది కనుక ఏదైనా ఆనిక ఉన్నప్పుడే ఆ పని చేయండి.

ఫోకస్ గురించి కొంచెం ఆగాలి. ఆటో ఫోకస్ చీకట్లో తడుముకుంటుంది, చిన్న ఫోకస్ మార్పుకే చిత్రం పరిమాణం కాస్త మారి అలైన్‌మెంట్ చెడుతుంది. 18 దగ్గర, ఎఫ్5.6లో, మూడు మీటర్ల దూరంలోని వస్తువు మీద ఫోకస్ పట్టి లెన్సు పక్కనున్న స్విచ్‌ను ఎంఎఫ్‌కి (మాన్యువల్ ఫోకస్‌కి) మార్చేయండి. మీటరున్నర నుంచి కొండ దాకా అంతా పదునుగా వస్తుంది. మీ స్తంభం రెండుగా పడడానికి అసలు కారణం కూడా దూరమే, దానికి మరీ దగ్గరగా నిలబడడం. స్తంభానికి అరమీటరు దూరంలో నిలబడ్డప్పుడు తల ఒక్క సెంటీమీటరు పక్కకి వాలినా కొండ ముందు స్తంభం స్థానం మారిపోతుంది. చూపు కోణమే మారింది కనుక సాఫ్ట్‌వేరు కొండని సర్దితే స్తంభం తప్పుతుంది, స్తంభాన్ని సర్దితే కొండ తప్పుతుంది. వెనక్కి జరగండి. చోటు లేకపోతే మోచేతులు పక్కటెముకలకి ఆనించి, భుజాన్ని గోడకి నొక్కి, ఊపిరి సగం వదిలి నొక్కండి. ఫోటోలో నాలుగు వైపులా కాస్త ఎక్కువ చోటు వదలండి, అలైన్ అయ్యాక అంచులు కత్తిరించుకుపోతాయి.

ఆనిక ఏదీ లేని చోటికి పురికొస చిట్కా పనికొస్తుంది. హార్డ్‌వేర్ కొట్లో పావు అంగుళం బోల్టు, అంగుళానికి 20 మరలున్నది అడగండి. 6 ఎంఎం బోల్టు ఇస్తే తీసుకోకండి, వదులుగా ఎక్కుతుంది, లాగినప్పుడు కెమెరా మర అరిగిపోతుంది. బోల్టుకి ముందే ఒక నట్టు బిగించి, కెమెరాలోకి అయిదు మిల్లీమీటర్లకి మించి దిగకుండా చూడండి. పొడవు బోల్టు అడుగు పగలగొడుతుంది. నట్టు కింద పురికొస కట్టి, రెండో కొస కాలి కింద తొక్కి, కెమెరాని కంటి దగ్గరికి బిగువుగా పైకి లాగి పట్టుకోండి. పైకీ కిందికీ ఊగడం బాగా తగ్గుతుంది.

మరో మాట, భైరవకోనలో ఎక్కువ గుహలు తూర్పు ముఖం. మధ్యాహ్నం దాటాక ఆ ముంగిలి మీదికి కొండ నీడ వస్తుంది, లోపలికీ బయటికీ తేడా దానంతటదే తగ్గిపోతుంది. వెలుతురు సాయం చేసే వేళ చూసుకుంటే సెట్టింగులతో సగం కుస్తీ తప్పుతుంది.

మైపాడుకి ఇదంతా వద్దు. అలల మీద ఊగే పడవని మూడు ఫ్రేముల్లో పట్టాలనుకోవడమే తప్పు. ఆకాశం తెల్లబడకుండా ఒక్క రా ఫ్రేము తీసి, నీడలు పైకి లాగండి. ఆ ఒక్క ఫైలు నుంచే వెలుగు మార్చి మూడు జేపెగ్‌లు చేసి కలిపేవాళ్ళున్నారు, దాంట్లో కొత్తగా చేరే సమాచారం ఏమీ లేదు, శ్రమ దండగ. మూడు ఫ్రేములు తీసేశాం అంటారా, లైట్‌రూమ్‌లో డీఘోస్ట్ (కదిలినవాటి నీడల్ని తీసేసే అమరిక)ను 'లో', అంటే తక్కువ దగ్గర మొదలుపెట్టండి. హై పెడితే పెద్ద ముక్క మొత్తం ఒక్క ఫ్రేములోంచే వస్తుంది, అక్కడ గరుకు కనిపిస్తుంది. డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేరు వాడేవాళ్ళు అది ఫ్రేముల్ని సర్దదని గుర్తుంచుకోవాలి, చేతిలో తీసినవి ముందు హగిన్ అనే మరో సాఫ్ట్‌వేరులో అలైన్ చేసుకోవాలి.

తీరంలో ఇంకో చిక్కు: ఏసీ కారులోంచి దిగగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. తుడిస్తే మళ్ళీ పడుతుంది. బ్యాగు మూసే ఉంచి అరగంట బయటి వేడికి అలవాటు పడనివ్వండి. ఉప్పు తుంపర పడితే ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదేసి, ఆ తర్వాతే గుడ్డ పెట్టండి. మధ్యాహ్నం ఇసుక మీదుగా జూమ్‌తో తీస్తే వేడిగాలికి ప్రతి ఫ్రేమూ వేరేగా వంకర పోతుంది, ఎంత సర్దినా కలవవు.

ఒక సెట్టు అయ్యాక అరచేయి అడ్డం పెట్టి ఒక ఫ్రేము తీసుకోండి. ఇంటికెళ్ళి రెండు వందల ఫైళ్ళు ముందేసుకున్నప్పుడు ఏ మూడు ఒక జట్టో ఆ అరచేయే చెబుతుంది.