నలభై దాటాక కూడా ఈ ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఈఏపీసెట్ రాసింది. కౌన్సెలింగ్‌లో కంప్యూటర్ సైన్స్ తప్ప మరో బ్రాంచి పెట్టనంటోంది. మా బావగారి అబ్బాయి పదకొండేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి, ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్నాడు. కృత్రిమ మేధ వచ్చాక ఈ రంగాన్ని నమ్ముకోవచ్చా అని మా వారి భయం. మీరేమంటారు?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ఈ వాదన మా ఇంట్లో 1998లో జరిగింది. అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందులో కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటానని నేను, బి.ఎడ్. చేయమని మా నాన్నగారు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకున్నారు కాబట్టి, 2000 వస్తే అవి 1900 అనుకుంటాయని ప్రపంచమంతా దిద్దించుకుంటున్న రోజులవి. ఆ పనితోనే నాకు ఉద్యోగం వచ్చింది. 2001లో పోయింది. ఏడు నెలలు ఇంట్లో ఉన్నాను. ఫోను మోగితే చుట్టాలేమోనని ఎత్తబుద్ధి అయ్యేది కాదు.

తర్వాత ఒక బ్యాంకు ప్రాజెక్టులో చేరాను. అప్పుల మీద వడ్డీ లెక్కగట్టే కోబాల్ ప్రోగ్రామును జావా అనే మరో భాషలోకి మార్చాలి. మార్చాం. పాత లెక్క, కొత్త లెక్క పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని ఖాతాల్లో కొద్ది పైసల తేడా. ప్రోగ్రాములో తప్పు దొరకలేదు. మూడు రోజులు బ్యాంకులోనే కూర్చుని అడిగితే, రిటైర్ కాబోతున్న ఒక అధికారి చెప్పారు: రోజు వడ్డీ కోసం ఏడాది వడ్డీని లీపు సంవత్సరంలోనూ 365తోనే భాగించడం అక్కడి పద్ధతి. మాది 366తో భాగిస్తోంది. ఆ పద్ధతి ఏ కాగితం మీదా లేదు.

నాకు ఈ వృత్తి అర్థమైంది ఆ రోజే. నా పనిలో కోబాల్ పోయింది, జావా వచ్చింది, తర్వాత ఇంటర్నెట్ ద్వారా అద్దె కంప్యూటర్ల మీద పనిచేసే క్లౌడ్ వచ్చింది. వడ్డీ లెక్క తెలిసిన మనిషి అవసరం మాత్రం పోలేదు. 2008 మాంద్యంలో నన్ను ఉంచుకున్నది అందుకే.

మీ వారి భయం ఉత్తది కాదు. నాకు ఒక రోజు పట్టే ప్రోగ్రామును కృత్రిమ మేధ నిమిషాల్లో రాసిస్తోంది. నేనూ రోజూ వాడుతున్నాను. అది రాసింది ఆ బ్యాంకుకు సరిపోతుందా అన్నది తేల్చాల్సింది మనిషే. కానీ కొత్తగా చేరినవాళ్లు చేస్తూ నేర్చుకునే చిన్న పనులనే అది ముందుగా తీసుకుంటోంది. నన్ను కలవరపెట్టేది అదే.

అయినా చేర్చండి, ఆ పిల్లకు చిక్కుముడి విప్పేదాకా నిద్రపట్టని గుణం ఉంటే. జీతం చూసి మాత్రమే అయితే వద్దు. లెక్కలు, డేటాబేస్‌లు గట్టిగా చదవమనండి. బ్యాంకో, ఆసుపత్రో, రవాణానో, ఒక రంగం లోతుపాతులు తెలుసుకోమనండి. ఉద్యోగం వచ్చిన ఏడాదే ఇరవై ఏళ్ల ఇంటి అప్పు నెత్తిన పెట్టకండి.

ఆప్షన్లు పెట్టే ముందు ఒక సాయంత్రం ఆమెను వాళ్ల అన్న దగ్గర కూర్చోబెట్టండి. పదకొండేళ్లలో ఏం చేశాడో, ఏది మళ్లీ చేయాలనుకుంటున్నాడో అడగమనండి. పని గురించి ఎవరైనా వచ్చి అడగడం ఇప్పుడు అతనికీ అవసరం.