కాలింగ్ బెల్ మోగితే ఇల్లు పీకి పందిరేసే కుక్కని దారిలో పెట్టడం ఎలా?

విశాఖ మధురవాడలో ఉంటున్నామని, మీ ఏడు నెలల లాబ్రడార్ బెల్ మోగితే చాలు మొరుగుతూ వచ్చినవాళ్ళ మీదికి ఎగబడుతోందని, చెప్పులు కొరికేస్తోందని, వాకింగ్‌లో చెయ్యి ఊడొచ్చేలా లాగుతోందని రాశారు. పేపరు చుట్టి రెండు తగిలించమని మీ మామగారు అంటున్నారట. ముందు ఆ పేపరు సంగతే చెప్తాను, ఎందుకంటే ఆ పని నేను చేసి చూశాను.

మేముండేది ఎంవీపీ కాలనీలో. మా లడ్డూ కూడా లాబ్రడారే. ఒకరోజు కొత్త చెప్పు నములుతూ దొరికితే పేపరుతో ఒకటి ఇచ్చాను. వాడు నమలడం మానలేదు. దివాన్ కింద దూరి నమలడం నేర్చుకున్నాడు. లాక్కుందామని చెయ్యి పెడితే మొదటిసారి గుర్రుమన్నాడు. డాక్టరుగారి దగ్గర మొరపెట్టుకుంటే ఆయన చివాట్లు నాకే పెట్టారు. గుర్రుమనడమంటే 'ఇంక దగ్గరికి రాకు' అని చెప్పడం, దాన్ని కొట్టి మాన్పిస్తే రేపు చెప్పకుండానే కరుస్తుంది అన్నారు.

'నువ్వే లీడరని కుక్కకి తెలియాలి' అనేవాళ్ళు కూడా తగులుతారు. ఆ మాటకి మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త బోనులో ఉంచిన తోడేళ్ళని చూసి రాసిన విషయాలు. తర్వాత దానికి ప్రచారం తెచ్చినవాళ్ళలో ఒకరైన తోడేళ్ళ శాస్త్రవేత్త డేవిడ్ మీచ్ తానే, అడవిలో తోడేళ్ళ గుంపంటే అమ్మా నాన్నా పిల్లలేనని, పెత్తనం కోసం కొట్లాటలు కావని 1999లో రాశారు. మీ మామగారిని ఆ పేపరు చదువుకోమనండి.

నాకు అర్థమైంది ఒక్కటే. కుక్క ఏ పనైనా మళ్ళీ మళ్ళీ చేస్తోందంటే అది దానికి ఎక్కడో గిట్టుబాటవుతోంది. మా ఇంట్లో ఎగబడటం ఎలా గిట్టేదో చెప్తాను. మా పిన్ని వస్తే వాడు ఆవిడ భుజాల మీద కాళ్ళేసేవాడు. ఆవిడ 'అయ్యో నా బంగారం' అని తల నిమిరేది. నేను 'దిగరా' అని అరుస్తూ పట్టుకునేవాణ్ణి. వాడి లెక్కలో అది ఇద్దరు మనుషుల ముద్దు.

బెల్ శబ్దాన్ని ఫోన్లో రికార్డు చేశాను. రాత్రి భోజనాలకి ముందు, వినీ వినపడనట్టు ఒకసారి మోగించి, వెంటనే హాలు మూలనున్న పట్టా మీద శనగగింజంత చికెన్ ముక్క వేసేవాణ్ణి. రోజుకి పదిసార్లు, అంతే. వారానికల్లా శబ్దం వినగానే వాడి మెడ తలుపు వైపు కాకుండా పట్టా వైపు తిరగడం మొదలైంది. అప్పుడు కొంచెం కొంచెంగా సౌండు పెంచాను, తర్వాత అసలు బెల్. మా బాబుకి రోజంతా బెల్ కొట్టడానికి ఇంట్లో పర్మిషన్ దొరికింది అదొక్కసారే! చివరికి నిజం చుట్టాలు. వాడు పట్టా మీద ఉంటే తలుపు తెరుచుకుంటుంది, లేస్తే మూసుకుంటుంది. పిన్నిని చేతులు వెనక్కి పెట్టుకోమన్నాను. పెట్టుకుంది గానీ నోరు ఊరుకోక 'బంగారం' అనేసింది, వాడు ఒక్క గెంతు గెంతాడు. మళ్ళీ మొదటికి.

ఒక హెచ్చరిక. మొరిగినా ఎగబడినా పట్టించుకోవడం మానేసిన మొదటి కొన్ని రోజులు మొరుగుడు తగ్గకపోగా పెరుగుతుంది. పక్క ఫ్లాటు వాళ్ళు ఏమనుకుంటారో అని అప్పుడు లొంగారా, ఇంకా గట్టిగా అరిస్తే పనవుతుందని మీరే నేర్పినట్టు. పక్కింటివాళ్ళకి ముందే ఒక మాట చెప్పుకోండి.

చికెన్ ఉప్పు కూడా వెయ్యకుండా ఉడికించింది కావాలి. కూరలో ముక్క కడిగి పెట్టొద్దు, ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తానికి చేటు. కిస్‌మిస్, చాక్లెట్ కూడా కుక్కకి విషమే.

లాగడానికీ లెక్క అదే. మా వాడికి జోడుగుళ్ళపాలెం దగ్గర ఆరబెట్టిన ఎండుచేపల వాసన ఎంత దూరాన్నుంచైనా తగులుతుంది. వాడు లాగేవాడు, నేను పరిగెత్తేవాణ్ణి, చేపలు వచ్చేవి. ఇప్పుడు చైన్ బిగిసిన క్షణం ఆగిపోతాను. వాడు వెనక్కి చూసి చైన్ వదులైతేనే అడుగు. మొదటి రోజు గేటు నుంచి వీధి చివరికి వెళ్ళడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మెడ బెల్టుకి బదులు ఛాతీ హార్నెస్ వాడితే దాని గొంతు నొక్కుకుపోదు.

ఈ గిట్టుబాటు లెక్క పనికిరాని చోటు ఒకటుంది, అది భయం. లడ్డూకి ముందు మాకు రాజా అని ఊరకుక్క ఉండేవాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి హాల్లో పడుతుంటే వాడు బాత్రూంలో బకెట్ వెనక నక్కాడు. ఆ తర్వాత మామూలు ఈదురుగాలికి తలుపు కొట్టుకున్నా వణికి, ఉన్నచోటే ఉచ్చ పోసేవాడు. దగ్గరికి తీసుకుంటే భయం ముదురుతుందని ఎవరో అంటే నేనూ నమ్మి దూరంగా ఉంచాను. అది తప్పు. భయపడ్డ జంతువుని నిమిరితే భయం అలవాటుగా మారదు. పక్కన కూర్చుని ఉండాల్సింది. ఆ విషయం తెలిసేసరికి వాడు లేడు. మీ వాడు మొరిగేటప్పుడు తోక కాళ్ళ మధ్య పెట్టుకుని వెనక్కి జరుగుతుంటే అది అల్లరి కాదు, భయం. అలాంటప్పుడు చుట్టాల్ని దగ్గరికి పంపకండి, వాణ్ణి వేరే గదిలో ఉంచండి.

నిన్నటిదాకా బాగున్న కుక్క ఉన్నట్టుండి కరవబోతే ముందు చెవులు, పళ్ళు డాక్టరుకి చూపించండి, నొప్పి కావచ్చు. పన్ను దిగితే పెంపుడుదే కదా అని ఊరుకోవద్దు. సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళండి.

ఇంక చెప్పులు. నోట్లో ఉన్నప్పుడు వెంటపడొద్దు, అది వాడికి ఆట. చికెన్ ముక్క చూపించి మార్చుకోండి, నమలడానికి గట్టి రబ్బరు బొమ్మ ఇవ్వండి. తలుపులున్న చెప్పుల స్టాండు కొనండి. నేను ఆరు జతలు పోయాక కొన్నాను.