చెల్లెలికి మాల్దీవుల్లో టీచర్ పోస్టు వచ్చింది, ఇండియాతో గొడవల మధ్య పంపొచ్చా?

మీరు దేవరకొండ నుంచి అడిగారు. మనవాళ్లను మాల్దీవుల నుంచి పంపించేశారని విని అమ్మ టెన్షన్ పడుతోందని రాశారు. పంపండి. మాది మర్రిగూడ మండలం. 2022 నుంచి 2024 చివరిదాకా అక్కడ లాము అటోల్‌లో, అంటే లాము అనే దీవుల గుంపులో, లెక్కలు చెప్పాను. గొడవ ముదిరిన రోజుల్లో అక్కడే ఉన్నాను.

వెళ్లిపోయింది సైనికులు, టీచర్లు కాదు. ముయిజ్జు 'ఇండియా అవుట్' నినాదం మీద 2023లో అధ్యక్షుడయ్యారు. రాగానే మన సైనికులను వెనక్కి పిలవమన్నారు. వాళ్లు వందమంది కూడా లేరు. మనం ఇచ్చిన రెండు హెలికాప్టర్లనూ ఒక డోర్నియర్ విమానాన్నీ నడపడానికి ఉన్నారు. దూరపు దీవుల నుంచి రోగులను మోసుకెళ్లేది అవే. 2024 మే 10కల్లా సైనికులు వెళ్లారు, వాళ్ల స్థానంలో మన సివిల్ సిబ్బంది వచ్చారు. ఒక హెలికాప్టర్ మాకు దగ్గర్లోని కద్దూ దీవిలోనే ఉండేది.

ఈలోగా 2024 జనవరిలో మోదీ లక్షద్వీప్ వెళ్లినప్పుడు మాల్దీవుల డిప్యూటీ మంత్రులు ముగ్గురు ఆయన మీద నోరు జారారు. వాళ్లను సస్పెండ్ చేశారు. అయినా మనవైపు 'బాయ్‌కాట్ మాల్దీవ్స్' మొదలైంది. 2023లో రెండు లక్షల పైచిలుకు భారతీయులు అక్కడికి వెళ్తే, 2024లో బాగా తగ్గిపోయారు.

ఆ మంత్రుల గొడవ వచ్చిన వారం స్కూలుకు వెళ్లాలంటే నాకు కాళ్లు ఆడలేదు. ఎనిమిదో తరగతి పిల్లాడు ఒకడు నోట్‌బుక్ చూపించడానికి వచ్చి, "మిస్, మీరు కూడా వెళ్లిపోతారా?" అని అడిగాడు. నీ పరీక్షలు అయ్యేదాకా వెళ్లనన్నాను. వాడు వెళ్లి బెంచీలో అందరికీ చెప్పాడు. స్టాఫ్ రూములో ఎప్పటిలాగే నా ముందుకు రోషి తోసారు, అంటే మన చపాతీ, పక్కన చేపా కొబ్బరీ కలిపిన మస్ హుని. ఎవరూ ఒక్క మాట అనలేదు.

మా ఇంటి ఓనరు చేపల పడవ మీద పనిచేసి మానేసిన పెద్దాయన. సాయంత్రం ఇంటి ముందు తాడుతో అల్లిన కుర్చీలో కూర్చునేవాడు, దాన్ని వాళ్లు జోలి అంటారు. ఒకరోజు నేనే అడిగాను, మా సైనికులంటే మీకెందుకంత కోపమని. ఆయన ఇలా చెప్పాడు: "పక్కింటి పెద్దాయన పెళ్లికీ చావుకీ అందరికంటే ముందొస్తాడు. సంతోషమే. కానీ ఆయన మనుషులు మా వాకిట్లో పడుకుంటే మా పిల్లలు అడుగుతారు కదా, ఇల్లు ఎవరిదని." 1988లో కిరాయి సైనికులు రాజధాని మాలేను పట్టుకోబోయినప్పుడు మన పారాట్రూపర్లు వచ్చి కాపాడిన రాత్రి గురించి చెప్పిందీ ఆయనే. రెండూ ఒకే నోటితో చెప్పాడు, నాకు రెండూ నిజమే అనిపించాయి. ఆ దేశమంతా కలిపితే ఐదు లక్షల పైన మనుషులు, మన నల్గొండ జిల్లాలో మూడో వంతు. వాళ్ల భయాన్ని విశ్వాసం లేకపోవడం అంటే నేను ఒప్పుకోను.

ఓనరమ్మ 2014 డిసెంబరులో మాలేలో ఉందట, చేతిలో పసిబిడ్డ. మంచినీళ్ల ప్లాంటులో మంటలు వచ్చి లక్షమందికి పైగా జనానికి నల్లా బందైంది. మన విమానాలూ ఓడలూ నీళ్లు తెచ్చాయి. బిడ్డకు పాలు కలిపింది ఆ నీళ్లతోనేనని చెప్తూ నా చేయి పట్టుకుంది. ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు వంగిపోయిన అమ్మ ఉంది నాకు. నీళ్ల విలువ నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

గొడవ నడుస్తుండగానే 2024 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం వాళ్లకు 35 వేల టన్నులకు పైగా ఉల్లిగడ్డ, 42 కోట్లకు పైగా కోడిగుడ్లు ఎగుమతికి అనుమతించింది. మా కొట్టులో ఉల్లిగడ్డ బస్తా ఒక్కరోజూ ఖాళీగా లేదు. అక్టోబరులో ముయిజ్జు ఢిల్లీ వచ్చి 40 కోట్ల డాలర్ల కరెన్సీ మార్పిడి ఒప్పందం చేసుకున్నారు. 2025 జులైలో వాళ్ల 60వ స్వాతంత్ర్య దినానికి మోదీ ముఖ్య అతిథి.

మీరు నిజంగా చూసుకోవాల్సింది వేరే ఉంది. నన్ను పంపిన ఏజెంటు కమిషన్ తీసుకుని, ఏ దీవో చివరి రోజుదాకా చెప్పలేదు. దీవి పేరు, ఇంటి అలవెన్సు, పెద్దాసుపత్రికి బోటులో ఎంతసేపు అనేవి కాగితం మీద రాయించుకోండి. జీతం అక్కడి డబ్బు రూఫియాల్లో వస్తుంది, ఇంటికి పంపాలంటే డాలర్లు కావాలి, అక్కడ వాటికి కటకట. నెలకు ఎంత పంపుకోవచ్చో అక్కడున్న మన టీచర్లను ముందే అడగండి, ఆ లెక్క మీదే అప్పులు పెట్టుకోండి.

ఇంకొకటి, వాన నీళ్ల ట్యాంకు ఉన్న ఇల్లు చూసుకోమనండి. తొలకరి పడితే ఓనరమ్మ గొట్టం పక్కకు తిప్పేది, పైకప్పు మురికి కొట్టుకుపోయాకే ట్యాంకులోకి వదిలేది. ఆ నీళ్లలో కందిపప్పు ఎంత తొందరగా మెత్తబడేదో.