గేట్‌వే ప్రశ్నకు జవాబు రాకపోతే బుర్ర లేనట్టా?

కావలి దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి రాశారు. అబ్బాయి నిరుడు బీటెక్ పూర్తి చేశాడు. చెన్నైలో లైనక్స్ సపోర్ట్ ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘సర్వర్‌కు పక్క మెషీన్ అందుతోంది, ఇంటర్నెట్ అందడం లేదు, ఏం చూస్తావ్?’ అని అడిగితే నోరు పెగల్లేదట. హైదరాబాద్‌లో 95,000 రూపాయలు కట్టి క్లౌడ్ (అద్దె సర్వర్ల) కోర్సులో చేర్చాలా, నెల్లూరులోనే లైనక్స్, నెట్‌వర్కింగ్ నేర్పించాలా అన్నది ప్రశ్న. చివర్లో ఒక మాట: ‘అసలు వీడికి బుర్ర ఉందా సార్?’

అయ్యా, మీరు నిజంగా అడిగింది ఆ చివరి మాటే. ఒంగోలు నుంచీ, మార్కాపురం నుంచీ ఇదే మాట వింటూనే ఉంటాను. బుర్ర ఉంది. ఆ పని చేత్తో చేసి చూడలేదు, అంతే.

మీది కాలువ కింద సేద్యం అని రాశారు. చేలోకి నీళ్లు రాకపోతే ఎకాఎకిన సోమశిలకు పోరు కదా. ముందు మడవ చూస్తారు, తర్వాత పిల్లకాలువ, ఆ తర్వాతే తూము. సర్వర్ దగ్గరా అదే వరస. దారుల పట్టిక చూపే ‘ఐపీ రూట్’ కమాండ్ కొడితే ‘డిఫాల్ట్ వయా 192.168.1.1’ లాంటి లైను కనిపించాలి. ఆ అడ్రసు గేట్‌వేది, అంటే బయటి నెట్‌వర్క్‌లోకి దాటించే రూటర్‌ది. ఆ లైను లేకపోతే బయటికి పింగ్ (‘ఉన్నావా?’ అని అడిగే చిన్న సందేశం) కొట్టగానే ‘నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్’ అంటుంది, అంటే ఊరు దాటే దారే దానికి తెలియదు. లైను ఉండి, సొంత అడ్రసు నుంచే ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అని వస్తే దారి తెలుసు, గేట్‌వే పలకడం లేదు. కేబుల్ చూడాలి, గేట్‌వే అడ్రసు సరిగ్గా ఉందో చూడాలి. గేట్‌వే పింగ్‌కు పలకనంత మాత్రాన పాడైందనుకోకూడదు. కొన్నిచోట్ల పింగ్‌ను కావాలనే ఆపేస్తారు. పక్క మెషీన్ల జాబితా చూపే ‘ఐపీ నైబర్’లో దాని మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) ఉందా చూడాలి. బయట గూగుల్ నడిపే 8.8.8.8 అడ్రసు పలికి, వెబ్‌సైట్ పేరు పలకకపోతే అది డీఎన్ఎస్ గొడవ, అంటే పేరును అడ్రసుగా మార్చే ఏర్పాటుది. రెండు నెట్‌వర్క్ కార్డులుంటే రెండు డిఫాల్ట్ దారులు చేరిపోవచ్చు. అప్పుడు మెట్రిక్ (దారికిచ్చే ప్రాధాన్య సంఖ్య) తక్కువున్నదే గెలుస్తుంది, అది బయటికి పోని కార్డు కూడా కావచ్చు. ‘ఐపీ రూట్ గెట్ 8.8.8.8’ కొడితే ఏ కార్డు గుండా పోతోందో తెలుస్తుంది.

చాలామంది పిల్లలు దెబ్బతినేది ఇంకోచోట. కమాండ్‌తో దారి పెట్టి, పనైపోయిందని లేస్తారు. రీబూట్ చేయగానే అది పోతుంది. లైనక్స్ రకాల్లో ఉబుంటు సర్వర్ అయితే నెట్‌ప్లాన్ అనే సెట్టింగుల ఫైల్లో, రెడ్ హ్యాట్ అయితే ఎన్ఎంసీఎల్ఐ అనే కమాండ్‌తో రాసిపెట్టాలి. లైనక్స్ నిర్వాహకులకు రెడ్ హ్యాట్ పెట్టే ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్షలో కూడా చేసిన మార్పు రీబూట్ తర్వాత నిలిస్తేనే మార్కులు.

ఇక క్లౌడ్. ఆ కోర్సుల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. అమెజాన్ క్లౌడ్‌లోనూ రూట్ టేబుల్ (దారుల పట్టిక) ఉంటుంది, 0.0.0.0/0, అంటే వేరే దారి చెప్పని అడ్రసులన్నీ, ఎటు పోవాలో అక్కడా రాయాలి. ఆ లైను ఎందుకో తెలియని పిల్లవాడు స్క్రీన్ మీద బటన్లు నొక్కడం నేర్చుకుంటాడు, బటన్ చోటు మారితే నిలబడిపోతాడు. కొత్తవాళ్లను నేరుగా డెవాప్స్ (సాఫ్ట్‌వేర్ తయారీ, సర్వర్ల నిర్వహణ రెండూ కలిపి చూసే) ఇంజినీర్లను చేస్తామనే ప్రకటనను నమ్మి అప్పు చేయకండి. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్, ఒకే కంప్యూటర్‌లో ఉత్తుత్తి మెషీన్లు నడిపించే, ఉచితంగా దొరికే వర్చువల్‌బాక్స్, అందులో రెండు లైనక్స్ మెషీన్లు చాలు. ఒకదాన్ని రెండోదానికి గేట్‌వేగా పెట్టి, రోజుకొకటి తనే చెడగొట్టి, తనే బాగు చేయాలి. దగ్గరుండి చేయించే మాస్టారు నెల్లూరులో దొరికితే అక్కడే చేర్చండి. క్లౌడ్ ఆరు నెలల తర్వాత నేర్చుకున్నా కొంపలు మునగవు.

మీ తోడల్లుడి కొడుకు బెంగళూరు జీతం సంగతి మీ ఉత్తరంలో మూడుసార్లు వచ్చింది. మీ అబ్బాయికి ఏది ఇష్టమో ఒక్కసారీ రాలేదు. ఇంటర్వ్యూ నుంచి వచ్చిన రాత్రి అందరి ముందూ తిట్టానని మీరే రాశారు. తప్పు చేశారు. ఆ టెన్షన్ తలలో పెట్టుకుని కూర్చున్నవాడికి తెలిసిన కమాండ్ కూడా గుర్తు రాదు. ఈ రాత్రి భోజనాల దగ్గర ఆ ఇంటర్వ్యూ ఊసెత్తకండి. చెడగొట్టినదీ బాగు చేసినదీ రోజూ ఒక నోటుబుక్‌లో రాయమనండి. నెల తర్వాత ఆ పేజీలు ఫొటో తీసి అతన్నే నాకు పంపమనండి, ఎక్కడ ఆగిపోతున్నాడో చూసి చెబుతాను.